మెటాడోరు మరమ్మతు

తెలుగు పత్రికల్లో ప్రతిరోజూ కనిపించే మాట మరమ్మతు. చెరువుకి మరమ్మతు, రోడ్డుకి మరమ్మతు, బడి పైకప్పుకి మరమ్మతు. బాగుచేత అని ఇంకో మాట ఉంది గాని బోర్డుల మీదికి ఎక్కలేదు. ఈ మరమ్మతు అరబ్బీలో పుట్టి, ఫారసీ మీదుగా మా ఉర్దూలోకీ మన తెలుగులోకీ వచ్చింది. దాని వెంట సామాను వచ్చింది, సవారీ వచ్చింది, కిరాయి వచ్చింది, మజిలీ వచ్చింది. తనిఖీ, జరిమానా, ఫిర్యాదు, జామీను కూడా వచ్చాయి. ఇవన్నీ ఏరేసి ఒక్క రోజు పత్రిక తెమ్మంటే మా డెస్కులో ఎవరి వల్లా కాదు. అన్నట్టు, ఆ 'రోజు' కూడా ఫారసీదే. మాటల్ని నిలబెట్టి మీదే ఊరని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. అడుగుతున్నది మనుషుల్ని.

మాటల సంగతి అలా ఉంచి పని సంగతి చూద్దాం. రాయలసీమలో ఏ ఊరి బస్టాండు వెనక్కయినా పోండి. లారీ షెడ్డు, టైరు పంచరు, రేడియేటరు, బ్యాటరీ, గ్యాస్ వెల్డింగు, సీటు కవర్లు. బోర్డు మీద 786 ఉంటుంది. లేదంటే లోపల గోడకి మక్కా పటం ఉంటుంది. "సాయిబు కాడికి తీస్కపోప్పా, ఆయప్ప చెవితోనే చెప్తాడు" అంటారు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే చెవి మాకుందని ఊరంతా ఒప్పుకుంటుంది. అదే సాయిబు బాడుగకి ఇల్లు అడిగితే ఊరికే చెవుడు వస్తుంది.

ముస్లింలలో నెలజీతం మీద బతికేవాళ్ళు తక్కువనీ, సొంత చేతిపని మీద బతికేవాళ్ళు ఎక్కువనీ 2006లో సచార్ కమిటీ చెప్పింది. మాకది కొత్త సంగతి కాదు, లెక్క మాత్రం కొత్తది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 14 ముస్లిం సమూహాలకి 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేశారు. ఆ జాబితాని మేం పత్రిక పనిగా చదవడం మొదలుపెట్టి, ఇంటి పనిగా పూర్తి చేశాం. అందులో రోళ్ళకు కక్కు కొట్టేవారు ఉన్నారు. చక్కీ టకనేవాలే ఉన్నారు. పత్తర్‌ఫోడులు ఉన్నారు. అరిగి నున్నబడిన రోటికీ తిరగలికీ ఉలితో గాట్లు పెట్టి మళ్ళీ పనికొచ్చేట్టు చేసేవాళ్ళు. మిక్సీలూ గ్రైండర్లూ వచ్చి ఆ పని పోయింది, పేరు చట్టంలో మిగిలింది. మెకానిక్కులనే పేరు ఆ జాబితాలో లేదు. కక్కు కొట్టినవాళ్ళ మనవలే ఇప్పుడు పానా పట్టుకున్నారని మా అనుమానం.

మా అబ్బా అట్లాంటి ఒక పానా మనిషి. 1990లో అప్పు చేసి ఒక పాత మెటాడోరు కొన్నారు. పుణె దగ్గర ఆకుర్దిలో బజాజ్ టెంపో కంపెనీవాళ్ళు తయారుచేసిన వ్యాను అది. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకుంది. అంతకు ముందే మెటాడోరు తయారీ ఆగిపోయింది. చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చప్పిడి ముక్కు, రెండు గుండ్రటి దీపాలు, ముందు సీట్ల మధ్యలోనే రేకు మూత కింద ఇంజను. చిన్నప్పుడు ఆ మూత మీద కూర్చోవడానికి మేం కొట్టుకునేవాళ్ళం. చలికాలం వెచ్చగా ఉండేది. ఎండాకాలం పెనమే.

కర్నూలు పాతబస్తీలో ఆ బండి ఎరగని గడప లేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ, తిరుపతికీ మహానందికీ, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శబరిమలకీ బాడుగకి పోయేది. అయ్యప్ప సీజనంతా అబ్బా మాంసం ముట్టేవారు కాదు. మాల వేసుకున్న స్వాములు ఎక్కే బండి కదా అని, ఆయన అన్నానికి అమ్మీ వేరే గిన్నె పెట్టేది. ఎరుమేలిలో స్వాములు వావరు మసీదు దగ్గరికి పోతే అబ్బా వాళ్ళ వెనకే పోయి రెండు రకాతులు చదువుకుని వచ్చేవారు. "వావరు అయ్యప్పకి దోస్తు, నేను స్వాములకి డ్రైవరు" అని నవ్వేవారు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఆ సీజన్లో అబ్బాకి మూడు ట్రిప్పులు ఖరారై ఉన్నాయి. రెండు రద్దయ్యాయి. ఎందుకో వాళ్ళు చెప్పలేదు, ఈయన అడగలేదు. మూడో జట్టు గురుస్వామి మాత్రం ఇంటికే వచ్చాడు. "ఇరుముడి ఎత్తుకునేదానికి రోజు పెట్టుకున్యాక మాట మార్చేది ల్యా సాయిబూ. నువ్వు రాకుంటే మేం యాడికి పోతాం?" అన్నాడు. పోయారు. తిరిగొచ్చేటప్పుడు ఒక పట్నంలో లాడ్జి దగ్గర ఆగారు. స్వాములకి గదులు దొరికాయి. రిజిస్టరులో డ్రైవరు పేరు రాయగానే గుమాస్తా ఇంకో గది ఖాళీ లేదన్నాడు. స్వాములు గొడవపడబోతే అబ్బానే వద్దన్నారట. ఈ సంగతి మాకు చాలా ఏళ్ళ తర్వాత గురుస్వామి చెప్పాడు, అబ్బా చెప్పలేదు. ఆ రాత్రి బండిలో పడుకున్న మనిషి, తర్వాత ఏ లాడ్జి రిజిస్టరులోనూ పేరు రాయలేదు.

ఇంటికొచ్చిన వారంలోనే వడ్రంగిని పిలిపించారు. వెనక సీట్లు విప్పి పెట్టుకునేట్టు చేసి, వాటి స్థలంలో వేప పలకలతో మడతమంచం చేయించారు. మంచం కింద పెట్టె, పక్కన నీళ్ళ డ్రమ్ము, కిరోసిన్ స్టవ్వు కదలకుండా ఇనుప చట్రం. కిటికీలకి అమ్మీ కుట్టిన పరదాలు. 1993 ఎండాకాలంలో మమ్మల్నందరినీ ఎక్కించుకుని అమ్మీ పుట్టిల్లు కడపకి తీసుకుపోయారు. ఆ తర్వాత ఏటా ఎండాకాలం సెలవుల్లో ఎక్కడికో ఒకచోటికి. అప్పటికి మాకు సొంతిల్లు లేదు. ఇల్లుగలాయన వచ్చి ఖాళీ చెయ్యమనలేని ఇల్లు మాకు అదొక్కటే.

ఇట్లాంటి బండిని అమెరికాలో ఆర్వీ అంటారట. మన సినిమావాళ్ళు క్యారవాన్ అంటారు. క్యారవాన్ అంటే మరేం కాదు, ఫారసీ కారవాన్. బిడారు. హైదరాబాదులో కార్వాన్ అనే పేట ఆ మాట మీదే ఉంది. హీరోగారు లోపల కూర్చుంటే క్యారవాన్. మేం అన్నం వండుకుంటే మాత్రం "ఎవురో సాయిబులు గుడారం ఏసినారు".

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డాయి. పాతబస్తీ మునిగింది. మిద్దె మీద నుంచి చూస్తే బండి పైకప్పు కూడా కనపడలేదు. నీళ్ళు తీశాక దాని నిండా బురద. అబ్బాకి అప్పటికే అరవై దాటాయి. ఉన్న డబ్బంతా ఇల్లు కడుక్కోవడానికీ గిన్నెలు కొనుక్కోవడానికీ అయిపోయింది. బండిని తోసి ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబెట్టాం. 2016లో అబ్బా పోయారు. పాత ఇనుపసామాను వ్యాపారి అప్పుడప్పుడూ వచ్చి, చుట్టూ తిరిగి, కంటితోనే బరువు కట్టి పోయేవాడు. 2021లో కేంద్రం పాత బండ్ల తుక్కు విధానం తెచ్చాక మరీ తరచుగా రాసాగాడు.

2022 చలికాలంలో భాయ్‌జాన్ ఇచ్చేద్దామన్నాడు. అమ్మీ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే పోయి బండి తలుపు పట్టి లాగింది. అది రాలేదు. లోపలికొచ్చి, "ఆ తలుపు తీసిపెట్టండి బేటా. పెనుకొండ బాబయ్య దగ్గరికి పోవాల. అట్నించి కడప. ఇంక నాకు హజ్జు అంటే ఇదే" అంది. ఆ చివరి మాట భాయ్‌జాన్‌కి రుచించలేదు. నలభై రోజుల జమాతుకి పోయి వచ్చినవాడు, దర్గాల గడప తొక్కడు. అయినా సాయంత్రం గడ్డపార తెచ్చి తలుపు తీశాడు.

మేం ముగ్గురం. భాయ్‌జాన్‌ది లేత్, ఆపాది బడి, మాది పత్రిక. మెటాడోరు లోగుట్టు మా ముగ్గురికీ తెలీదు కాబట్టి, అబ్బా దగ్గర పని నేర్చుకున్న ఉస్తాద్‌ని పిలిచాం. ఆయన దూదేకుల. అరవై ఐదేళ్ళు. నమాజు సూరాలు తప్ప నోట పలికేదంతా తెలుగే. మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ ఆయన్ని "లదాఫ్" అని మూతి తిప్పి పిలుస్తారు. ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు మమ్మల్ని "తురకోళ్ళు" అన్నట్టే. తెలుగు మాట్లాడే ముస్లిం తక్కువ ముస్లిమా? ఉర్దూ మాట్లాడే తెలుగువాడు తక్కువ తెలుగువాడా? మొదటి ప్రశ్న మావాళ్ళు వేస్తారు, రెండోది మీవాళ్ళు వేస్తారు. ఉస్తాద్ ఏ ప్రశ్నా వెయ్యలేదు. రేకు మూత ఎత్తి, వేలితో బురద గీకి, వాసన చూసి, "ఇది హంద్రీది" అన్నాడు. తుంగభద్ర మట్టి ఇంత నల్లగా ఉండదట.

పని నాలుగు నెలలు పట్టింది. ఇంజను పూర్తిగా బిగుసుకుపోయింది. హీటర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలు, బ్రేకాయిలు కలిపి పోసి వారం నానబెట్టారు. రోజూ సాయంత్రం పెద్ద పానా తగిలించి కొంచెం అటు, కొంచెం ఇటు. బలం చూపిస్తే లోపల కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. "నిద్దర్లో ఉండే ముసిలోళ్ళని లేపినట్ల లేపాల" అనేవాడు ఉస్తాద్. ఎనిమిదో రోజు కదిలింది. హెడ్డు దించితే నాలుగు బోర్లలో ఒకదాని గోడకి, నీళ్ళు నిలిచిన చోట, చిన్న చిన్న గుంటలు. దాన్ని కోసి కొత్త స్లీవు దించే పని భాయ్‌జాన్ తన లేత్ మీదే చేసుకున్నాడు. మూడు రాత్రులు. జమాతు నుంచి వచ్చాక అంత శ్రద్ధగా కూర్చోవడం మేం నమాజులో తప్ప చూడలేదు.

క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకి అతుక్కుపోయింది. డీజిలు పంపునీ నాజిల్సునీ కాలిబ్రేషనుకి పంపాం. వెంట్రుక కూడా దూరని సందుల్లో పనిచేసే సరుకు అది, కాస్త చెమ్మ తగిలినా చెడిపోతుంది. ట్యాంకు కడిగితే రెండు బకెట్ల బురద వచ్చింది. రేడియేటరు విప్పి గొట్టాల్లో కడ్డీలు దోపి పూడిక తీశారు. బ్రేకు సిలిండర్లు మొత్తం కొత్తవి వేశాం. వైర్లు ఎలుకలు తిన్నాయి. పిస్టన్ రింగుల కోసం, గ్యాస్కెట్ కోసం హైదరాబాదు వచ్చి రాణీగంజ్, పుత్లీబౌలి దుకాణాలు తిరిగాం. మెటాడోరు అనగానే కొట్లో ముసలివాళ్ళు నవ్వారు, కుర్రవాళ్ళు మళ్ళీ చెప్పమన్నారు.

నేల రేకు జల్లెడయింది. టింకరు కోసి కొత్త రేకు అతికాడు. లప్పం పట్టించాక రంగు దగ్గర గొడవ మొదలైంది. అబ్బా కాలంలో బండి తెల్లగా ఉండి నడుముకి ఆకుపచ్చ గీత ఉండేది. "ఆకుపచ్చ వద్దు, దారి పొడుగునా ఎందుకు పంచాయితీ?" అన్నాడు భాయ్‌జాన్. "చెట్లకి లేని పంచాయితీ మనకెందుకు?" అంది ఆపా. రెండు వారాలు సాగింది. చివరికి నీలం గీత వేశారు. ముందు అద్దం మీద 786 ఉండేది. దాన్ని లోపలివైపు, డ్రైవరు కంటికి మాత్రమే కనపడేట్టు రాయించాం. మీరు మీ కారు అద్దం మీద దేవుడి బొమ్మ అతికించుకునేటప్పుడు ఇట్లా ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించారా? ఊరికే అడుగుతున్నాం.

ఉస్తాద్ దగ్గర ఇప్పుడు శాగిర్దులు లేరు. ఒకప్పుడు పదేళ్ళ పిల్లల్ని తెచ్చి షెడ్డులో వదిలేవాళ్ళు. దెబ్బలు, టీ గ్లాసులు కడగడం, పండక్కి కొత్తబట్టలు, పదేళ్ళకి పని. ఆ కాలం పోవడమే మంచిదని ఆపా అంటుంది. పిల్లలు బడిలోనే ఉండాలి. కాని బడి నుంచి బయటికొచ్చిన మా పేట పిల్లలకి దొరుకుతున్నదేమిటి? గల్ఫు వీసా, లేదంటే వీపుకి భోజనాల సంచీ. కొత్త బండ్లకి కంప్యూటరు తగిలించి జబ్బు కనుక్కుంటున్నారు. చెవితో పని లేదు. ఆ కంప్యూటరు ముందు కూర్చునే కుర్చీలు ఉన్నాయి గదా, వాటిలో మా పిల్లలెందరు? ఈ లెక్క ఎవరైనా తీస్తే అచ్చు వేయాలని ఉంది.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పం. బాడుగ బండిని సొంత బండిగా మార్పించడం, తిరిగి రిజిస్ట్రేషను, గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు. ఇంజను లేచినంత తొందరగా ఫైలు లేవలేదు, అంతే.

మార్చి నెలలో ఒక సాయంత్రం పంపులో గాలి తీసి, హీటర్లు కాచి, తాళం తిప్పారు. రెండుసార్లు మూలిగి, మూడోసారి పేటంతా తెల్లపొగ చిమ్ముతూ అందుకుంది. అమ్మీ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మేమంతా ఉస్తాద్ మొహం చూశాం. ఆయన తల వంచి విని, "టైమింగు ఒక పన్ను ఎనక ఉంది" అని మళ్ళీ ఆపేశాడు.

2023లో రంజాన్ పండుగ ఏప్రిల్ 22న వచ్చింది. మే రెండో వారంలో ఫజర్ నమాజు కాగానే బయల్దేరాం. అమ్మీ, మేం ముగ్గురం, ఆపా కూతురు, ఉస్తాద్. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి. గంటకి నలభై దాటనివ్వనన్నాడు ఉస్తాద్. జాతీయ రహదారి మీద ట్రాక్టర్లు మమ్మల్ని దాటిపోయాయి. డోన్ నుంచి ఆపా నడిపింది. చీర కొంగు దోపుకుని, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ పెద్ద స్టీరింగు తిప్పుతుంటే లారీ డ్రైవర్లు కిటికీలోంచి మెడలు బయటపెట్టి చూశారు. పది గంటలకే ఇంజను మూత మీద చెయ్యి ఆనలేదు. తడిపిన గోనెపట్ట పరిచాం, అరగంటకి ఆరిపోయింది. గుత్తి కోట కనపడే వేళకి వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. గుత్తి దాటాక ఒక వేపచెట్టు కింద ఆపాం.

అమ్మీ స్టవ్వు వెలిగించింది. జొన్నరొట్టెలు ఇంటి నుంచి తెచ్చినవే. గుత్తివంకాయ కూర వేడి చేస్తోంది. రెండు బైకుల మీద నలుగురు పిల్లలు వచ్చి ఆగారు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. బండి చుట్టూ తిరిగారు. అమ్మీ తలమీది దుపట్టా చూశారు, భాయ్‌జాన్ గడ్డం చూశారు.

"యావూరు మీది?"

"కర్నూలు" అన్నాం.

"కర్నూలేనా?"

ఈ రెండో ప్రశ్న మీకు ఎప్పుడూ ఎదురు కాదు. మాకు మొదటిదాని వెంటే వస్తుంది.

"ఏం వండుతుండావవ్వా? మూత తియ్."

భాయ్‌జాన్ లేచాడు. ఉస్తాద్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అమ్మీ మూత తీసింది. "వంకాయ నాయనా. కూచోండి, తిందురు" అంది. ఒకడు వంగి చూశాడు. ఇంకొకడు సెల్లు పైకెత్తి గిన్నెని, మమ్మల్ని, నంబరు ప్లేటుని తీసుకున్నాడు. వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుని బైకులెక్కి పోయారు. వాళ్ళు మూత పెట్టలేదు. అమ్మీయే పెట్టింది. అప్పటికే ఆమె పెట్టెలోంచి ఇంకో నాలుగు పళ్ళేలు తీసి పెట్టుకుని ఉంది.

అక్కడి నుంచి అనంతపురం దాకా బండిలో పోట్లాటే. మూత ఎందుకు తీశావని ఆపా. మన గిన్నె తనిఖీ చెయ్యడానికి వాళ్ళెవరు, పోలీసులా, శానిటరీ ఇన్‌స్పెక్టర్లా? అమ్మీ చెప్పింది: "వాళ్ళు అడిగినారని తియ్యలా. అన్నం యాళకి ఎదురుగా నిలబడినోళ్ళని తినమని అడిగేది నా అలవాటు. వాళ్ళ కోసమని నా అలవాటు మార్చుకోవాల్నా?" ఆపా కూతురికి పద్నాలుగేళ్ళు. అంతసేపూ కిటికీలోంచి చూస్తున్న పిల్ల, "అది వంకాయ కాకపోయుంటే?" అంది. ఎవరమూ మాట్లాడలేదు. మంచం కింద డబ్బాలో, పండక్కి మిగిలితే ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెట్టిన మేకమాంసం ఉంది. మేకదని నడిరోడ్డు మీద ఎవరు రుజువు చెయ్యగలరు? 1992లో అబ్బాని అడిగింది పేరు. ముప్ఫై ఏళ్ళకి మేం గిన్నె దాకా వచ్చాం.

రాత్రి అనంతపురం దాటి, లారీలు ఆపుకునే చోట పడుకున్నాం. అమ్మీ, ఆపా, పిల్ల లోపల వేపపలకల మీద. మిగతావాళ్ళం బయట చాపల మీద. పోలీసులు రెండుసార్లు వచ్చి కాగితాలు చూసిపోయారు. మర్యాదగానే చూశారని రాయాలి. రెండోసారి వచ్చిన కానిస్టేబులు టార్చి వేసి, "మెటాడోరా! మా నాయన పెండ్లి దీంట్లోనే" అని ఇంజను మూత ఎత్తించి చూసి పోయాడు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడి నుంచి కార్లు రావడం మొదలైంది. పెద్ద ట్రెయిలర్ల మీద కొత్త కార్లు వరసగా పోతుంటే వాటి పక్కన మా బండి దగ్గుకుంటూ పోయింది. ఉస్తాద్ ఆ కార్లనే చూస్తున్నాడు. "ఇవి చెడిపోవా?" అని ఆపా కూతుర్ని అడిగాడు. "పోతాయి తాతా, కంపెనీవాళ్ళే చూసుకుంటారు" అందా పిల్ల. ఆయన ఇంకేమీ అడగలేదు.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని మార్చుకున్న ఊరు పెనుకొండ. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా ముందు బాబయ్య స్వామి దర్గాకే దారి చెబుతారు. బాబా ఫక్రుద్దీన్ అంటే ఉర్దూవాళ్ళకి. సీమ పల్లెల్లో బాబయ్య, ఫకీరప్ప, దస్తగిరి, మస్తానప్ప, కుళ్ళాయప్ప అనే పేర్లుగల హిందువులు ఊరూరా కనిపిస్తారు. గూగూడులో పీరుగా నిలబడ్డ కుళ్ళాయిస్వామి పేరే ఆ చివరిది. ఓటర్ల జాబితా చూసి మతం లెక్కగట్టే మేధావులు మా జిల్లాలకి వస్తే బోల్తా పడతారు.

అమ్మీని మేం లోపలికి తీసుకుపోయాం. భాయ్‌జాన్ రాలేదు. బండి దగ్గర ఉంటానన్నాడు. మేం తిరిగొచ్చేసరికి ఒక డీజిలు ఆటో కింద సగం దూరి ఉన్నాడు. పక్క పల్లె నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబం. ఇంజనుకి గాలి పట్టి ఆగిపోయింది. స్క్రూ వదులుచేసి, బుడగలు పోయేదాకా పంపు కొట్టి, బిగించాడు. ఆటో లేచింది. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. నుదుట కుంకుమ పెట్టుకున్న ఆ ఇంటి పెద్దామె కొంగు ముడి విప్పి, దర్గాలో ఫాతెహా ఇప్పించిన చక్కెర గుప్పెడు తీసి, "స్వామిది, నోట్లో ఏసుకో నాయనా" అని ఆయన చేతిలో పోసింది. మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. భాయ్‌జాన్ తినలేదు, పారెయ్యలేదు. కాగితంలో పొట్లం కట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. చీమలు పట్టాయి.

కదిరి, పులివెందుల మీదుగా కడప చేరేసరికి నాజిల్ ఒకటి కారడం మొదలుపెట్టింది. అమ్మీ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. దాన్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు. దేవుని కడపకి తీసుకుపొమ్మంది. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు కడప ముస్లింలు పోతారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి మా అల్లుడు. అమ్మీ చిన్నప్పుడు వాళ్ళ నానీ వేలు పట్టుకుని టెంకాయ తీసుకుని పోయేదట. అల్లుడింటికి ఉత్త చేతులతో పోగూడదని నానీ అనేదట. మేం పోయింది ఉగాది కాదు, మండు వేసవి. గోపురం ఎదుట నిలబడి అమ్మీ చెయ్యెత్తి సలాం చేసింది. గుడిముందు పూలమ్మే ఆమె, "ఉగాదికి రాలేదేమమ్మా?" అంది, చుట్టాన్ని అడిగినట్టు.

ఏటా ఉగాది నాడు ఆ గుడిలో బురఖాల ఫొటో పత్రికలన్నీ వేస్తాయి. కింద మత సామరస్యం అని ఒక వాక్యం. మంచి ఫొటోనే. మిగతా 364 రోజులు ఆ ఫొటోలోని మనిషికి ఊళ్ళో ఇల్లు బాడుగకి దొరుకుతుందా, ఆమె కొడుకుకి షోరూములో ఉద్యోగం దొరుకుతుందా, రోడ్డు పక్క ఆమె గిన్నె మీద మూత ఉంటుందా అని ఆ పత్రికలు అడగవు. అల్లుడికి ఇచ్చిన మర్యాదలో పావు వంతు మామగారింటికి చాలు.

మైదుకూరు దగ్గర ఉస్తాద్ మొదటిసారి నోరు తెరిచి తన కోరిక చెప్పాడు. బ్రహ్మంగారి మఠం చూడాలన్నాడు. వీరబ్రహ్మంగారి ముఖ్య శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడు కదా. అక్కడ ఒక గంట కూర్చున్నాడు, ఒక్కడే. తిరిగొచ్చి, "మావోడు" అన్నాడు. ఆ మాటలో ఉన్న దర్జా, మా చుట్టాలెవరూ సయ్యదు వంశావళి చెప్పుకునేటప్పుడు కూడా మేం వినలేదు.

అక్కడి నుంచి నంద్యాల, బనగానపల్లె. నవాబులు ఏలిన చిన్న సంస్థానం, 1948 దాకా ఉంది. మే నెల కదా, ఊరంతా మామిడి వాసన. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. దాన్నే బేనీషా అంటారు, నిషానీ లేనిది అని అర్థం. ఆపా కూతురు బుట్ట దగ్గర కూర్చుని మచ్చ లేని కాయలు ఏరుతోంది. బేరం నడుస్తోంది. అమ్మకందారు తెలుగులో ధర చెప్పి, పక్కవాడితో ఉర్దూలో "ఇంత తగ్గించొచ్చు" అన్నాడు. అమ్మీ ఉర్దూలోనే ఆ తగ్గించిన ధర చెప్పింది. ఆయన నవ్వి రెండు కాయలు ఎక్కువేశాడు.

ఆ రాత్రి బండి నీడన చాప వేసుకుని కాయలు కోసుకుంటున్నాం. భాయ్‌జాన్ లెక్క రాస్తున్నాడు. డీజిలు, టోలు, ఇంజనాయిలు, దారిలో మార్చిన బెల్టు. అమ్మీ టెంక చీకి, చెయ్యి కడుక్కుని, "మీ అబ్బా ఏటా పోయేవారే, ఎరుమేలి. అదెంత దూరం బేటా?" అంది.

"రెండు రోజులు. కేరళ. కొండలెక్కాల" అన్నాడు ఉస్తాద్.

"బండి ఎక్కదా?"

ఉస్తాద్ లేచి, బండెక్కి, తాళం తిప్పి, క్లచ్చు రెండుసార్లు తొక్కి వదిలి, తల వంచి విన్నాడు. క్లచ్ ప్లేటు ఇంకోటి కావాలన్నాడు. పొద్దున్నే రాణీగంజ్‌కి ఫోను చేశాం.